ఒడి గదిలో తొలి తుమ్ము

నమోదు 1

సొరంగపేట గాలి శాఖలో చేరిన ప్రతి సహాయకుడూ దినచర్య రాయాలని నియమం. రాయకపోతే ఏం చేస్తారని అడిగాను. ఊళ్ళోంచి బయటికి పంపిస్తామన్నారు. బయట గాలి లేదు. కాబట్టి రాస్తున్నాను.

పేరు: కూర్మారావు. చదువు: గాలి ఇంజనీరింగులో పట్టా, రెండో తరగతి, మొదటి తరగతికి బాగా దగ్గర్లో. పని: ఒడి గది గొట్టాల్లో జల్లెళ్ళు దులపడం. చంద్రుడి మీద ధూళి ఉన్నంతకాలం నా ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇవాళ జల్లెట్లో దొరికినవి: పౌడరు, బిస్కట్టు నుసి, పసిపిల్లల నూగు, కాస్త ముక్కుపొడి. ముక్కుపొడి ఎవరిదో నాకు తెలుసు. పైడయ్య తాత పేరు దినచర్యలోకి ఎక్కించడం నాకిష్టం లేదు.

ఒడి గది అంటే మా ఊరి గొప్ప. వయసులో ఉన్నవాళ్ళంతా మంచు గనుల్లోనో, గాజు తోటల్లోనో ఉంటారు. ఊళ్ళో మిగిలేది పాలు తాగేవాళ్ళూ, పళ్ళు ఊడినవాళ్ళూ. అందుకని ఊరు కట్టిన పెద్దలు ఆ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టారు. పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక ముసలి జోడీ. చుట్టరికంతో పనిలేదు, ఒడి ఖాళీగా ఉంటే చాలు. మా అప్ప, అంటే అక్క, గౌరీశ్వరి కూతురు పుడమికి ఐదు నెలలు. దాని జోడీ పైడయ్య తాత, పాత గని మేస్త్రీ. మా వంశానికీ ఆయన వంశానికీ ఉన్న సంబంధమల్లా ఆ పిల్ల ఆయన చొక్కా మీద కక్కిన పాల మరకే.

అప్పా, బావా ఒకే మంచు బండి నడుపుతారు. మొన్న దక్షిణపు గనికి బయలుదేరుతూ తలుపు దగ్గర ఆగింది అప్ప.

"ఒరే కూర్మీ, జల్లెడ దులిపీసి ఎలిపోకు. రోజూ దాని మొకం సూడు."

"సూస్తానప్పా. మొకం, యీపు, అన్నీ సూస్తాను."

"ఎటకారమొకటి ఎదవకి," అని నా నెత్తిన ఒకటి మొట్టి వెళ్ళింది. ఇక్కడి బరువుకి మొట్టికాయ కూడా దూది తగిలినట్టుంటుంది. అయినా గౌరవార్థం "అబ్బా" అన్నాను.

నమోదు 2

భూమి నుంచి ఓడ వచ్చింది. సరుకు: మరమేకులు, బ్యాటరీలు, ఎండు నెత్తళ్ళ చేపలు. ఎండు నెత్తళ్ళ పెట్టె తెరిచినప్పుడు వచ్చిన వాసన మూడు సొరంగాల గాలి శుద్ధి యంత్రాలను ఓడించింది. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చారు. ఇక్కడ పుట్టినవాళ్ళం ముక్కు మూసుకున్నాం.

ఓడ నడిపినవాడికి ముక్కు కారుతోంది. అదొక వింత. ఊరు పుట్టిన కొత్తలో వడపోత ఎంత గట్టిగా పెట్టారంటే, ఇక్కడ ఎవరికీ జలుబు చేసి ఎరగరు. జలుబు గురించి నేను పాఠంలో చదువుకున్నాను, ఏనుగు గురించి చదువుకున్నట్టే.

ఓడ వస్తే సరుకు దింపడం కూడా మా పనే. రెండు రోజుల్లో సరుకు దింపిన మా జట్టంతటికీ ముక్కులు కారాయి. చెప్పుకోకూడదు గాని, గర్వంగా ఉంది. కుర్రాళ్ళు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. నేను తుమ్మితే ఒకడు ఇంకోసారి తుమ్మమని బతిమాలాడు.

డాక్టరమ్మ నస్రీన్‌కి మాత్రం నవ్వు రాలేదు. మాస్కులు పంచి, ముక్కు కారేవాడెవడూ ఒడి గది గుమ్మం తొక్కకూడదంది. నేను బుద్ధిగా ఆగిపోయాను. నా బదులు జల్లెడ దులపడానికి వేరేవాడిని పంపారు. వాడికీ అప్పటికే అంటుకుంది. ముక్కు కారడం మర్నాటి నుంచి కదా, వాడికేం తెలుసు, పంపినవాళ్ళకేం తెలుసు.

నమోదు 3

ఇవాళ ఊళ్ళో ఉత్సవం జరిగింది. నేను ఒడి గది కిటికీ అద్దం బయట నుంచి చూశాను.

పొద్దున పైడయ్య తాత ఒళ్ళో ఉన్న పుడమి ముక్కు చిట్లించి, నోరు తెరిచి, కాసేపు ఆలోచించి, తుమ్మింది. చిన్న తుమ్ము, ఆవగింజ చిటపటలాడినట్టు. గది అంతా అటు తిరిగింది. తాత మెల్లగా, నమ్మకం లేనట్టు, "చిరంజీవ" అన్నాడు.

అంతే. ఈ ఊళ్ళో పిల్ల తుమ్మి ముప్పై ఏళ్ళయింది, అంటే ఊరు పుట్టాక ఎప్పుడూ తుమ్మలేదు. తుమ్మిన బిడ్డను దీవించే ఆ ఒక్క మాట ఆ ముసలాళ్ళందరి నోళ్ళలోనూ అన్నేళ్ళుగా ఊరికే పడి ఉంది. అందరూ లేచారు.

"ఇలాగియ్యి పైడయ్యా, నానూ ఒక్కపాలి అంతాను!" అంది నరసమ్మ మామ్మ. "నా నోట్లో ఆ మాట బూజట్టిపోనాది."

పిల్ల చేతులు మారింది. ఈ ఒడి నుంచి ఆ ఒడికి, ఆ ఒడి నుంచి పక్క ఒడికి. ఒక్కొక్కరూ నెత్తి మీద ముద్దు పెట్టి, చిరంజీవ అని, ముక్కు కొంగుతో తుడిచి, అదే కొంగుతో ఒళ్ళోని తమ పిల్ల మూతి తుడిచి, పక్కవాళ్ళకి అందించారు. వరస చివరికి వచ్చేసరికి పుడమి మళ్ళీ తుమ్మింది. చప్పట్లు. నేనూ కొట్టాను, అద్దం అవతల. ఎవరో బెల్లం ముక్కలు పంచారు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. వరస చూసింది. నేల మీద కూలబడింది.

"ఎంతమంది ఎత్తుకున్నారు?"

"అందరం, డాక్టరమ్మా," అంది నరసమ్మ మామ్మ, ముఖం వెలిగిపోతూ. "ఒక్కల్ని కూడా ఒగ్గీనేదు."

నమోదు 4

నా జలుబు తగ్గింది. ముక్కు పరీక్షలో ఏమీ లేదని తేలాక డాక్టరమ్మ నన్ను పిలిచింది. పట్టా ఉన్నవాడిని కదా, అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"నీలాంటి దున్నపోతుకి ఇది ఉత్త జలుబు," అంది. "పసిపిల్లల ఊపిరితిత్తుల్లో చివరి గొట్టాలు చాలా సన్నం. వైరస్ అక్కడిదాకా దిగితే లోపల వాస్తుంది, జిగురు పేరుకుంటుంది. గాలి కష్టపడి లోపలికి పోతుంది, బయటికి రాదు."

"మరి ముసలాళ్ళకి?"

"వాళ్ళ గొట్టాలు పెద్దవే. దగ్గి బయటికి తోసే సత్తువ ఉండదు. గుండె, ఊపిరితిత్తులు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. పైగా ఈ ఊళ్ళో జలుబే లేదాయె, ఒళ్ళు ఆ సంగతే మర్చిపోయింది."

"ఒక మంచి మందు కొట్టెయ్యండి, పోద్ది."

"దీన్ని చంపే మందు నా దగ్గర లేదు. బాక్టీరియాకి ఇచ్చే మందు దీనికి పనిచెయ్యదు. ముక్కు శుభ్రం చెయ్యాలి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి, ఊపిరి చాలకపోతే ఆక్సిజన్ పెట్టాలి. ఒళ్ళు గెలిచేదాకా ఒంటికి తోడుండాలి, అంతే."

"టీకా లేదా?"

"ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకీ, ముసలాళ్ళకీ. ప్రతి ఓడకీ రాసి పంపాను. ఈ ఊళ్ళో లేని జబ్బుకి టీకా ఎందుకని మీ పెద్దలు ఆ బరువులో ఎండు నెత్తళ్ళు తెప్పించారు."

ఎండు నెత్తళ్ళ మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు.

సాయంత్రానికి ఒడి గదిని రెండుగా చీల్చారు. మధ్యలో అద్దం. ఇటు పిల్లలు, అటు ముసలాళ్ళు. ఒడులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. నరసమ్మ మామ్మ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దిండు ఎత్తుకుంది.

పిల్లల్ని ఎవరు ఎత్తుకోవాలి? జలుబు వచ్చి తగ్గినవాళ్ళు. అంటే సరుకు దింపే మా జట్టు. బ్యాటరీలు మోసే మొగాళ్ళం వరసగా నిలబడితే, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమని చెప్పి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పిల్లని పెట్టింది డాక్టరమ్మ. నాకు పుడమి వచ్చింది.

అద్దం మీదున్న మైకులోంచి పైడయ్య తాత గొంతు: "ఒరే, పిల్లనెత్తుకున్నావా, మోటారు మోస్తన్నావా? తల నీ బుజానికి ఆనాలిరా. కాసింత పైకి. అద్దీ. ఇప్పుడు యీపు నిమురు. నిమరమన్నాను, రుద్దమన్నేదు."

నమోదు 5

పుడమి ఇవాళ సగం పాలు తాగి సీసా తోసేసింది. తర్వాత పావు. తర్వాత రెండు గుటకలు. నోటికి సీసా ఉంటే ముక్కుతో పీల్చాలి, ముక్కు మూసుకుపోయింది. అది చేసుకున్న లెక్క సరైనదే: పాలా, గాలా? గాలే.

ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. నేను గొట్టాలు చదువుకున్నవాడిని. ఎక్కడో అడ్డుపడితే యంత్రం ఇలాగే లాగుతుంది, ఇదే చప్పుడు చేస్తుంది. యంత్రమైతే ఆపేసి విప్పి దులుపుతాం.

ఇక్కడ ఇంకో తంటా ఉంది. భూమ్మీద పిల్లని నిటారుగా ఎత్తుకుంటే చీమిడి దానంతటదే కిందికి దిగుతుందట. ఇక్కడి బరువు ఆరో వంతు. చంద్రుడి మీద చీమిడికి తొందర లేదు, ఉన్నచోటే కాపురం పెడుతుంది. అందుకని పాలకి ముందు ప్రతిసారీ ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి, రబ్బరు బుడ్డితో లాగాలి. పుడమి నన్ను చూసే చూపులో ఇదివరకటి ప్రేమ లేదు.

రక్తంలో గాలి కొలిచే మీటరు పుడమి కాలికి తగిలించి చూసి, డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టింది. చిన్న ముక్కు గొట్టం, బుగ్గల మీద పట్టీలు.

అప్పకి రేడియోలో చెప్పాల్సి వచ్చింది. సూర్యుడి తుఫాను మొదలైంది, బయట రేడియేషన్ కాబట్టి గనిలోంచి బండ్లు కదలకూడదని ఉత్తర్వు. అప్పా, బావా నేల అడుగున ఇరుక్కున్నారు.

"పుడమి ఎలాగున్నాది?"

"బాగున్నాదప్పా. కాస్త జలుబు. డాక్టరమ్మ సూస్తన్నాది."

రేడియోలో గరగర. తర్వాత అప్ప గొంతు, చిన్నగా: "కూర్మీ, నువ్వు ఎటకారమాడట్నేదేటి?"

ఒక జోకు కోసం వెతికాను. పుట్టినప్పటి నుంచి నాకు ఎప్పుడూ కొదవలేని సరుకు అది. దొరకలేదు.

"తుఫాను తగ్గగానే వచ్చెయ్యప్పా," అన్నాను. అటు నుంచి బావ గొంతు వినిపించింది, ఎవరినో బండి ఇప్పుడే తియ్యమని తిడుతున్నాడు.

నమోదు 6

పైడయ్య తాత పడ్డాడు. గని ధూళి తిన్న ఊపిరితిత్తులు, దాని మీద ఈ వైరస్. మంచంలో వెల్లకిలా పడుకుని లేవనంటున్నాడు. గంజి తాగడు. ముక్కు గొట్టం పెడితే పీకేస్తున్నాడు.

"నాకేటికి గాలి? బతికినాను. ఆ పిల్ల గుంటలకియ్యండి."

"తాతా, గాలి అందరికీ సరిపడా ఉంది. నేను గాలి శాఖ, నా మాట నమ్ము," అన్నాను.

"నీ పట్టా రెండో తరగతి కాదేటి?"

జబ్బులో కూడా మనిషి సూటిగానే కొట్టాడు.

ఇటు పుడమి నా చేతుల్లో ఏడుపు ఆపదు. నిమిరాను. ఊపాను. రుద్దలేదు. ఏడ్చినకొద్దీ అలుస్తోంది, అలిసినకొద్దీ మీటరు దిగుతోంది. దాని కళ్ళు నా భుజం మీదుగా అద్దం కేసే చూస్తున్నాయి.

డాక్టరమ్మ తాత ముక్కు పరీక్ష ఫలితం పట్టుకుని వచ్చింది. అదే వైరస్. నాకు ఇద్దరికీ పట్టిన జబ్బు మీద కాక, మధ్యలో ఉన్న అద్దం మీద కోపం వచ్చింది.

"డాక్టరమ్మా, అద్దం ఎందుకు పెట్టాం?"

"ఒకరిది ఒకరికి అంటకుండా."

"ఇద్దరికీ అదే అంటుకుందిగా. ఇంకేం అంటుకోవాలి?"

ఆమె నావైపు చూసింది. అద్దం వైపు చూసింది. "జబ్బు లేనివాళ్ళని కలపను," అంది మెల్లగా. "వీళ్ళిద్దరినీ ఒకే గదిలో పెట్టొచ్చు. కానీ నువ్వు పక్కనుంచి కదలకూడదు. ఆయన చేతులు జారితే నీ చేతులుండాలి."

పక్క గదిలో మంచం వేశాం. తాతని తీసుకొచ్చి పిల్లని చూపించాను. లేవనన్న మనిషి తల ఎత్తాడు.

"పడుకుని ఎత్తుకుంటే దానికి గాలాడదు తాతా. నువ్వు కూర్చోవాలి."

"కూకోబెట్టరా మరి, సూస్తావేటి?"

వీపు వెనక దిళ్ళు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాం. ఆయన ఊపిరితిత్తులకి కావలసింది కూడా అదే, పొద్దుట్నుంచీ డాక్టరమ్మ మొత్తుకుంటున్నదీ అదే. పుడమిని గుండెల మీద ఆనించాను. ఈ నేల మీద దాని బరువు కిలో కందిపప్పంత. నీరసించిన చేతులకి కూడా మోయగలిగిన బరువు. చంద్రుడు మాకు చేసిన మేలు ఇదొక్కటే అనుకుంటాను.

ఏడుపు ఆగింది. పిల్ల చెయ్యి పైకి వెళ్ళి తన ముక్కు గొట్టాన్ని పట్టుకుని లాగింది. తాత కంగారుపడి పక్కనున్న తన గొట్టం తీసి తనే ముక్కుకి పెట్టుకున్నాడు.

"ఇదిగో సూడే, నాకూ మీసాలు, నీకూ మీసాలు. పీక్కోకూడదు. మీసాలు పీక్కుంతారేటి ఎవులైనా?"

పుడమి ఆయన మీసాన్ని చూస్తూ ఉండిపోయింది. తన మీసాన్ని వదిలేసింది.

నమోదు 7

రాయాలని లేదు. నియమం కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నుంచి పుడమి ఏడవలేదు. నేను సంతోషించాను. "నిమ్మళించింది," అన్నాను డాక్టరమ్మతో.

ఆమె చెవికి గొట్టాలు తగిలించుకుని చాలాసేపు విన్నది. "నిమ్మళించలేదు. అలిసిపోయింది," అంది. "ఏడ్చే ఓపిక కూడా లేదు."

ఆక్సిజన్ పెంచింది. కింది గది నుంచి ఊపిరి యంత్రం తెప్పించి మంచం పక్కన పెట్టింది. ఊళ్ళో పసిపిల్లలకి సరిపోయేది అదొక్కటే. దాన్ని ఈ ఊళ్ళో ఎప్పుడూ ఆన్ చేయలేదు. గొట్టాలు నేనే తుడిచి బిగించాను. నా జీవితంలో ఏ యంత్రమూ పనిచెయ్యాల్సిన అవసరం రాకూడదని ఇంతగా కోరుకోలేదు.

మధ్యమధ్య పుడమి ఊపిరి ఆగేది. కొద్దిగానే. తాత అరచేతితో దాని వీపు మీద తట్టేవాడు, తలుపు తట్టినట్టు. లోపల ఉన్నావా అని అడిగినట్టు. ఛాతీ మళ్ళీ కదిలేది. అప్పుడు నేనూ ఊపిరి తీసుకునేవాడిని.

"మాటాడరా," అన్నాడు తాత. "నువ్వు నోరు మూసుకుంతే నాకు బయమేస్తన్నాది."

అందుకని మాట్లాడాను. పుడమికి గాలి శాఖ నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఉప్పునీటి చుక్కలు, రబ్బరు బుడ్డి, ఒక చెంచా పాలు. మళ్ళీ నిబంధనలు. మళ్ళీ చెంచా. సీసా మానేసి చెంచాతో పోస్తే మింగింది. డాక్టరమ్మ యంత్రం మీద చెయ్యి వేసి నిలబడింది, స్విచ్చి వెయ్యకుండా, చెయ్యి తియ్యకుండా.

జల్లెళ్ళ శుభ్రత మీద ఉపనిబంధన చదువుతున్నప్పుడు తాత ఒక్కసారి అదిరిపడ్డాడు.

"ఒరే!"

"ఏటి తాతా? ఏటైనాది?"

"తడిపీసినాదిరా!"

గుడ్డ తడిసింది. గుడ్డ కింది దుప్పటి తడిసింది. దుప్పటి కింద సొరంగపేట మాజీ గని మేస్త్రీ తడిసిపోయాడు. నిన్న సాయంత్రం నుంచి పొడిగా ఉన్న పిల్ల. డాక్టరమ్మ ఆ తడిగుడ్డని చేతిలోకి తీసుకుని బంగారాన్ని తూచినట్టు తూచింది.

"నీళ్ళు ఒంట్లోకి పోతున్నాయి," అంది. "కూర్మారావ్, మీటరు చూడు."

చూశాను. కొంచెమే. కానీ పైకి.

"దుప్పటి మార్చనా తాతా?"

"ఉండరా. కదిపితే లేస్తాది," అన్నాడు ఆయన, తడిలోనే, కళ్ళు మూసుకుని.

నమోదు 8

తుఫాను తగ్గింది. పుడమి ఇవాళ గుక్కపెట్టి ఏడ్చింది. సీసాలో పాలు అయిపోయాయని ఏడ్చింది. పిల్లల గదిలో మిగతా ముక్కులు కూడా ఆరుతున్నాయి. నరసమ్మ మామ్మకి రాత్రి కాస్త దగ్గు వచ్చింది గాని నాలుక మీద దాని ప్రభావం ఏమీ లేదు.

బండి వచ్చింది. అప్ప సూటు కూడా పూర్తిగా విప్పకుండా, నల్లటి ధూళితో పరుగెత్తుకొచ్చింది. వెనక బావ. తలుపు దగ్గర డాక్టరమ్మ అడ్డం నిలబడింది.

"చేతులు."

"డాక్టరమ్మా, ఒక్కపాలి సూసి..."

"చేతులు, గౌరీ. గోళ్ళ సందులు కూడా."

అప్ప సింకు దగ్గర నిలబడింది. అక్కడి నుంచి మంచం కనిపిస్తుంది. దిళ్ళకి ఆనుకుని తాత, ఆయన గుండె మీద తన పిల్ల, ఇద్దరికీ గొట్టాల మీసాలు. చూస్తూ సబ్బు రుద్దింది. నురగ నల్లగా దిగింది. మళ్ళీ రుద్దింది. చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు కదా, అందుకని కన్నీళ్ళని అలాగే కారనిచ్చింది. బావ పక్కన నిలబడి తన వంతు కోసం చేతులు ముందుకు చాపుకుని ఉన్నాడు.

కడుక్కున్నాక వచ్చి మంచం అంచున కూర్చుంది. పుడమి తల తిప్పి చూసింది. గుర్తుపట్టలేదు. మళ్ళీ తాత చొక్కాలోకి ముఖం దూర్చింది.

అప్ప ముఖం చూడలేకపోయాను.

"మీ యమ్మేనే," అన్నాడు తాత. "మంచు మొకంది. ఎల్లు. నాకూ సేతులు పీకుతన్నాయి, ఎల్లు మరి."

పీకడం లేదు. ఆ చేతుల సంగతి పక్కన కూర్చున్న నాకు తెలుసు.

అప్ప ఎత్తుకుంది. పిల్ల కాసేపు వాసన చూసింది, ఆలోచించింది, అప్ప మెడ మీద మూతి ఆనించి, ముఖం మీదే దగ్గింది. డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది.

"నీకూ వస్తుంది గౌరీ."

"రానీ," అంది అప్ప. "నాకేటవుద్ది?"

"ముక్కు కారుతుంది."

"అంతేనా?"

"నీకు అంతే. మాస్కు వేసుకో, చేతులు కడుక్కుంటూ ఉండు, అద్దం అవతలకి మాత్రం వెళ్ళకు."

ఊరి పెద్దలు వచ్చారు, గుమ్మం బయట నిలబడి వచ్చే ఓడ సరుకు గురించి అడిగారు. డాక్టరమ్మ ఒక్క మాటే చెప్పింది: టీకా. ఎండు నెత్తళ్ళ గురించి ఎవరూ నోరెత్తలేదు.

నమోదు 9

పుడమి గొట్టం తీసేశారు. పైడయ్య తాతది ఇంకా తియ్యలేదు. తనకి మీసాలు లేకపోయినా ఆయనకి ఉన్నాయని పిల్ల వాటిని లాగుతోంది. ఆయన లాగనిస్తున్నాడు. గంజి తాగమంటే, పిల్లకి ఒక చెంచా నీళ్ళు పడితే తనూ ఒక చెంచా తాగుతానని బేరం పెట్టాడు. పిల్లకి నీళ్ళు వద్దు, పాలే పట్టాలని డాక్టరమ్మ అంటే, అయితే తనకీ పాలే ఇమ్మన్నాడు. ఇచ్చాం. సీసాతో కాదు.

అప్ప ఆ మంచం పక్కనే చాప వేసుకుంది. బావని గనికి పంపి తను సెలవు పెట్టింది. పొద్దున్నుంచి అప్ప కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది. మాస్కు లోపల ఏదో జరుగుతోందని నాకు అనుమానమొచ్చి అడిగాను.

"ఏటప్పా, ఏడస్తన్నావా?"

"ఏడుపు కాదురా ఎదవా. జలుబు."

అప్పకి జలుబు చేసింది. ముక్కు కారుతోంది. అంతే.